నీలం గునుగు

అంతయ్య ట్యాంకులోంచి మొదటిసారి పైకి వచ్చినప్పుడు అందరూ నవ్వారు.

అతను ఇనుప నిచ్చెన ఎక్కి గట్టు మీద కూర్చున్నాడు. తల వంచి ఊపిరి పీల్చుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. గోళ్లు నీలంగా ఉన్నాయి. ఆ వారమంతా షెడ్డులో నీలం రంగే నడుస్తోంది. నూలుకు రంగు అద్దే వాళ్లందరి చేతులూ మోచేతుల దాకా నీలమే. ఎర్ర రంగు నడిచే వారం ఎర్ర చేతులతో, పచ్చ రంగు నడిచే వారం పచ్చ చేతులతో ఇంటికి పోవడం వాళ్లకు అలవాటు. ఒంటి మీది రంగును ఆ షెడ్డులో ఎవరూ రోగం అనుకోరు.

"రంగు దాగినవా ఏంది, బావా?" అన్నాడు బ్రహ్మం. అతను అంతయ్య భార్య మల్లమ్మకు తమ్ముడు. బావను ఆటపట్టించడం అతనికి రోజూ ఉన్నదే.

"తల తిరుగుతుందిరా," అన్నాడు అంతయ్య.

"పొద్దుగాల తినకుంట ఒస్తే తిరగదా? మా అక్క బువ్వ వెడ్తలేదా?"

మళ్లీ నవ్వారు. సైదమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. సూపర్‌వైజర్ నరేష్‌కుమార్ వాచీ చూసుకున్నాడు.

"జల్ది కానియ్ అంతయ్యా. రేపు పొద్దుగాల తనిఖీకి ఒస్తున్నరు. ట్యాంకుల మడ్డి కనవడ్డదంటే షెడ్డుకు తాళమే. అందరం రోడ్డు మీద వడ్తం."

"తాళం వడనిస్తనా?" అన్నాడు అంతయ్య. చెంబు సైదమ్మకు ఇచ్చి, బకెట్ తీసుకొని మళ్లీ దిగాడు.

కాసేపటికి తాడు లాగితే బకెట్ ఖాళీగా వచ్చింది. పిలిస్తే పలకలేదు. బ్రహ్మం ముక్కుకు తువ్వాల చుట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని దిగాడు. ఇద్దరినీ లాగారు. బ్రహ్మం గట్టు మీద పడి కక్కుకున్నాడు. అంతయ్య కదలలేదు.

"గోళ్లు నీలమైనయి. పానం వోయింది," అన్నారెవరో.

"మన గోళ్లు ఈ వారమంత నీలమే గదనే!" అని అరిచింది సైదమ్మ. "బతికే ఉన్నడు. రుద్దుండ్రి, పాదాలు రుద్దుండ్రి."

రుద్దారు. ప్రాణం ఉందో లేదో రంగు చూసి తెలుసుకునే వీలు వాళ్లకు లేదు.

గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయిలు మోసే ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. అందులో పడుకోబెట్టారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ రోజు విద్యార్థుల రాస్తారోకో నడుస్తోంది. ఆటోలోంచి బయటికి వచ్చిన కాళ్లు చూసి విద్యార్థులే లేచి దారి ఇచ్చారు. మలక్‌పేట దవాఖానలో డాక్టర్ స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి, తీసి, "దార్లోనే పోయిండు" అన్నాడు. తరవాత అంతయ్య పెదవి పైకెత్తి లోపలి చిగుళ్లు చూశాడు. అక్కడికి రంగు పోదు. అక్కడ కూడా నీలమే ఉంది. అది ఊపిరి అందని నీలం.

"ఈ మనిషి మధ్యల ఒకసారి బయటికి ఒచ్చిండా?" అని అడిగాడు.

బ్రహ్మం తన నీలం గోళ్ల వైపు చూసుకున్నాడు.

*

తెలంగాణ మీద శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు కోసం ఊరూవాడా ఎదురుచూస్తున్న ఏడాది అది. ఎల్బీనగర్ నుంచి బడంగ్‌పేట్ పోయే దారిలో, నాలా పక్కన ఆ అద్దకం షెడ్డు ఉంది. పోచంపల్లి మగ్గాల నూలు అక్కడికి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ చీరల వ్యాపారులు రంగులకు ఆర్డర్లు ఇస్తారు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. మగ్గం వదిలి పట్నం వచ్చినా నూలు వాళ్లను వదల్లేదు.

రంగు అద్దిన నీళ్లను నాలాలో వదలకూడదని చట్టం ఉంది. నీళ్లు ముందు ట్యాంకులోకి పోవాలి. మోటార్లు వాటిలోకి గాలి కొట్టాలి. మందు కలపాలి. మడ్డి అడుగున దిగాలి, దాన్ని మిషన్‌తో తీయాలి, తేట నీళ్లే బయటికి పోవాలి. ట్యాంకు ఉంది. మోటార్లు ఉన్నాయి. షెడ్డు ఓనర్ గంగాధరరావు వాటిని తనిఖీ నాడే నడిపేవాడు. మిగతా రోజుల్లో నీళ్లు పక్క పైపు గుండా నాలాలోకి పోయేవి. నిలిచిన ట్యాంకులో మడ్డి పేరుకొని విషవాయువు పట్టింది.

"నేనేం జేయాలె చెప్పుండ్రి," అనేవాడు గంగాధరరావు. "మోటారేస్తే కరెంటు బిల్లు. మందు కలిపితే మందు ఖర్చు. గదంతా నూలు మీదనే వడ్తది. సూరత్‌ల అడ్డగోలు సస్తగ అద్దుతుండ్రు. దిల్‌సుఖ్‌నగర్ సేట్లు పైస తక్కువ ఉన్నకాడికే పోతరు. ఆర్డర్ పోయినంక మీకు పనెట్ల ఇయ్యాలె?"

పనివాళ్లకు అది అబద్ధంగా తోచలేదు. గంగాధరరావు వాళ్ల జిల్లా వాడే. చౌరస్తాలో దీక్షా శిబిరానికి టెంటు వేయించాడు. మెడలో తెలంగాణ కండువా లేకుండా బయటికి రాడు.

అంతకు ముందు నెల కోటేశ్వరమ్మ షెడ్డుకు వచ్చింది. ఆమెది గుంటూరు జిల్లా. భర్త పోయాక నాలా కింది కాలనీలో కర్రీ పాయింట్ పెట్టుకొని బతుకుతోంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు ఆమె దగ్గర కూరలు కొనుక్కుపోతారు. చేతిలో సీసా ఉంది. సీసాలో ఆమె బోరు నీళ్లు ఉన్నాయి.

"అన్నం వండితే నీలం పట్టిందమ్మా," అంది గేటు దగ్గర నిలబడిన మల్లమ్మతో. మల్లమ్మ ఆ షెడ్డులోనే రంగు అద్దిన తడి నూలు కట్టలు, చిలపలు, ఆరేసే పని చేస్తుంది. "మీ షెడ్డు మూసెయ్యమని నేను అనట్లేదు. ఆ మోటార్లేవో నడపమని మీ సార్‌కి మీరైనా చెప్పండి."

గంగాధరరావు అప్పటికే చెప్పి ఉన్నాడు: ఆంధ్రోళ్లు అర్జీ పెట్టిండ్రు, మన తెలంగాణోళ్ల షెడ్డు మూపిస్తరట. మల్లమ్మ చెవిన ఆ మాటే ఉంది. ఎదురుగా ఉన్న మనిషి మాట పడలేదు.

"మా బువ్వల మన్ను వోయనీకి ఒచ్చినవా?" అంది. సీసా గుంజుకొని నేల మీద ఒంపింది. వెనక నిలబడిన అంతయ్య, "పోయమ్మా పో, మీ ఊరికి పో" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటేశ్వరమ్మ ఖాళీ సీసా తీసుకొని వెళ్లిపోయింది. సిమెంటు మీద నీలం మరక చాలా రోజులు ఉంది.

*

అంతయ్య పోయిన సాయంత్రం గంగాధరరావు మల్లమ్మ కిరాయి గదికి వచ్చాడు. వాకిట్లో జనం ఉన్నారు. కుర్చీ వేశారు. అతను కూర్చోలేదు.

"మల్లమ్మా, అంతయ్య నాకు తమ్ముని లెక్క," అన్నాడు. "ఖర్చులన్ని నేనే వెట్టుకుంట. బండి మాట్లాడిన. రేపు శవం ఇయ్యంగనే దవాఖాన కెల్లి సీద ఊరికి తీస్కపోండ్రి. గుండె ఆగి పోయిండని చెప్పుండ్రి. ట్యాంకు మాట ఎత్తకుండ్రి."

"ఎందుకు ఎత్తొద్దు?" అన్నాడు బ్రహ్మం.

"ఎత్తితే కేసు. కేసైతే తాళం. తాళమైతే మీరందరు యాడికి వోతరు? అంతయ్య ఎందుకు దిగిండు? షెడ్డు నడవాల్నని దిగిండు. ఆయన పానం ఊకె పోనిస్తరా?"

మల్లమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. గంగాధరరావు రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. నరేష్‌కుమార్ ఆగాడు.

"సారు అన్నదాంట్ల తప్పేముంది?" అన్నాడు. "నాకు గూడ బాధ లేదా? పోయినోడు తిరిగి ఒస్తడా? ఉన్నోళ్లం బతకాలె గద. గీ రూల్స్ గిట్లనే ఉంటే ఒక్క కంపెనీ మిగలదు."

"రూల్స్ మింగినయా మా బావను?" అన్నాడు బ్రహ్మం.

"మరి? తనిఖీ లేకుంటే ట్యాంకుల దిగుతుండెనా?"

కొందరు తలలూపారు. అప్పుడు సైదమ్మ లేచింది. ఆమె ఆ షెడ్డుకు వచ్చి ఎన్నో రోజులు కాలేదు. అంతకు ముందు బడంగ్‌పేట్ వైపు ఉన్న మరో అద్దకం షెడ్డులో చేసేది.

"నేనొక్క మాట చెప్త. తిట్టుకుంటే తిట్టుకోండ్రి," అంది. "మా పాత సేటు మోటార్లు నడిపిండు. దినాం నడిపిండు. ఆయన దేవుడేం గాదు, మా కూలి మీద నూరు కిరికిరిలు వెట్టిండు. గని నాలాల మాత్రం తేట నీళ్లు ఇడిచిండు. మరెందుకు మూతవడ్డది గా షెడ్డు?"

"సూరత్ దెబ్బకు," అన్నాడు నరేష్‌కుమార్.

"సూరత్ గాదు సారూ. మనం. మన సారు మోటార్లు బందువెట్టి తక్కువ రేటుకు అద్దిండు. దిల్‌సుఖ్‌నగర్ ఆర్డర్లన్ని మా కాడికెల్లి ఈడికి ఒచ్చినయి. గా నాడు మేమంత రోడ్డు మీద వడ్డం. గా నాడే మీరు ఈడ మిఠాయి పంచుకున్నరు. అంతయ్యనే పంచిండట."

మిఠాయి తిన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"రూలు పాటించినోడు మునిగిండు. తప్పించుకున్నోడు తేలిండు," అంది సైదమ్మ. "రేపు పక్క షెడ్డోడు మనకంటె ఎక్కువ తప్పించుకుంటే మనం మునుగుతం. గిట్ల ఎందాక? అందరు నడిపితే అందరికి ఒక్కటే ఖర్చు. ఎవలు నడపకుంటే ఎవడో ఒకడు ట్యాంకుల దిగుడే."

"గట్లైతే తెలంగాణ ఒచ్చినంక సూస్కుందం," అన్నాడు వెనకనుంచి ఒకతను. "ఇప్పుడు మనోని మీదనే లొల్లి వెడ్తే ఆంధ్రోళ్లు నవ్వుతరు."

బ్రహ్మం అతని వైపు తిరిగాడు. రాస్తారోకోల్లో ముందు నడిచేవాడు బ్రహ్మమే. లాఠీదెబ్బ గుర్తు చేతి మీద ఉంది.

"తెలంగాణ ఒస్తది. తెస్తం," అన్నాడు. "గని గంగాధరరావు కోసం తెస్తలేం. కండువ ఏస్కుంటె నాలాల నీళ్లు తేట అయితయా? నేను నవ్వినరా. మా బావ పైకొస్తే పెదవులు జూసి నవ్విన. రంగు అనుకున్న. ఇంకెన్ని దినాలు రంగు అనుకుందం?"

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. మల్లమ్మ లేచి వచ్చి తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కూడా నీలంగానే ఉంది.

అప్పుడే కోటేశ్వరమ్మ వాకిట్లోకి వచ్చింది. జనం కదిలి దారి ఇచ్చారు. ఆమె గిన్నెలో అన్నం, పప్పు తెచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు.

"కొనుక్కొచ్చిన నీళ్లతో వండానమ్మా," అంది. "నా అర్జీ వల్లే తనిఖీ వచ్చింది. నా వల్లే మీ ఆయన..."

మల్లమ్మ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆనాడు నువ్వు మూయమనలేదు," అంది. "మోటార్లు నడపమన్నవు. నాకిప్పుడు గుర్తొస్తుంది. ఇనలేదు నేను. సీసా ఒంపిన."

గిన్నె అందుకుంది. తాను తినలేదు. బ్రహ్మం ముందు పెట్టింది.

*

మర్నాడు సద్దుల బతుకమ్మ, పూలు పేర్చి ఆడే పండుగలో ఆఖరి రోజు.

ఏటా ఆ బస్తీ బతుకమ్మలకు రంగు మల్లమ్మే తెచ్చేది. గునుగు పూలు తెల్లగా ఉంటాయి. వాటిని రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి పేరుస్తారు. షెడ్డులో డబ్బాల అడుగున మిగిలిన రంగు పొడి ఆమె కాగితాల్లో కట్టి ఇంటింటికీ ఇచ్చేది. ఎరుపు ఒకరికి, పచ్చ ఒకరికి, గులాబీ ఒకరికి. ఈ ఏడు ఆమె ఇంట చావు. ఆమె పువ్వు ముట్టకూడదు.

పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు.

"ఈసారి ఆడం మల్లమ్మా," అంది ఒకామె. "పూలు పారవోస్తం."

"పారవోయకుండ్రి," అంది మల్లమ్మ. "నేను ముట్ట. మీరు పేర్వుండ్రి. రంగు మాత్రం కొనకుండ్రి. నాలాల ముంచుండ్రి."

వాళ్లకు వెంటనే అర్థం కాలేదు. సైదమ్మకు అయింది. ఆమె గునుగు కట్టలు చంకన పెట్టుకొని నాలా వైపు నడిచింది. కోటేశ్వరమ్మ వెంట వెళ్లింది. ఆమెకు బతుకమ్మ పేర్చడం రాదు. ముంచడం వచ్చు.

తనిఖీ అధికారి షెడ్డుకు వచ్చేసరికి ట్యాంకు పైకి శుభ్రంగా కనబడుతోంది. అడుగున మడ్డి అట్లాగే ఉంది. అది లేవకుండా మోటార్లు ఆపి ఉంచి, దాని మీద బోరు నీళ్లు నింపారు. పైపు గుండా తేట నీళ్లు వస్తున్నాయి. అధికారి సీసా పట్టాడు. గంగాధరరావు పక్కన నిలబడ్డాడు.

గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. దవాఖాన నుంచి అంతయ్యను ఊరికి కాక అక్కడికే తెచ్చారు. మల్లమ్మ అతని తల దగ్గర కూర్చొని ఉంది. దవాఖానలోనే బ్రహ్మం బావ చేతులు సబ్బుతో కడిగాడు. రంగు వదల్లేదు. వెనక షెడ్డు పనివాళ్లందరూ నడిచి వచ్చారు.

నాలా వైపు నుంచి ఆడవాళ్లు వచ్చారు. ముందు సైదమ్మ. నెత్తి మీద బతుకమ్మ. అడుగున తంగేడు, ఆ పైన వరస మీద వరస గునుగు. ఏటా అన్ని రంగులూ ఉండేవి. ఈసారి గునుగంతా నీలం. గేటు ముందు దించారు. చుట్టూ తిరిగారు. పాట పాడలేదు. చప్పట్లు మాత్రమే కొట్టారు.

అధికారి బయటికి వచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"నాలా సారూ," అంది సైదమ్మ. "మీ సీసల తేట నీళ్లున్నయి. మేము పూలు ముంచితే గిట్లైనయి."

"శాంపిల్ పైపు దగ్గరే తీయాలి. పూలు శాంపిల్‌గా తీసుకోవడం కుదరదమ్మా."

మల్లమ్మ శవం మీది గుడ్డ పక్కకు జరిపింది. అంతయ్య చెయ్యి పైకెత్తింది.

"గిది తీస్కుంటరా?" అంది.

అధికారి తల తిప్పుకున్నాడు. గంగాధరరావుతో, "మోటార్లు వేయించండి" అన్నాడు.

"కరెంటు లేదు సార్."

షెడ్డులో ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. పనివాళ్లు వాటి వైపు చూశారు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. బ్రహ్మం నరేష్‌కుమార్‌ను దాటుకొని లోపలికి నడిచాడు. వెనక అందరూ నడిచారు. నరేష్‌కుమార్ అడ్డం రాలేదు. బ్రహ్మం బోర్డు దగ్గర మీట పైకి ఎత్తాడు.

మోటార్ మొదట కీచుమంది. తరవాత తిరిగింది. ట్యాంకు అడుగున గాలి చేరి బుడగలు లేచాయి. బోరు నీళ్ల కింద పడి ఉన్న మడ్డి కదిలింది. తేట నీళ్లు అందరూ చూస్తుండగానే నీలమయ్యాయి, నలుపయ్యాయి. వాసన లేచింది. అందరూ వెనక్కి జరిగారు. అంతయ్య దిగింది అందులోకే.

అధికారి సంచిలోంచి రెండో సీసా తీశాడు. గంగాధరరావు ఫోన్ తీశాడు.

పోలీసు వ్యాను వచ్చింది. ఇతరుల షెడ్డులో చొరబడి మిషన్లు ముట్టారని కేసు. బ్రహ్మాన్ని ఎక్కించారు. సైదమ్మను ఎక్కించారు. ఇంకొందరిని ఎక్కించారు. కోటేశ్వరమ్మ తనే వచ్చి మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వెందుకమ్మా? నిన్ను చూస్తే ఈడిదాన్వి గాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ పూలు ముంచింది నేను బాబూ," అని ఆమె పైకి ఎక్కింది. నీలం చేతుల మధ్య ఆమె చేతులకు కూడా మణికట్టు దాకా రంగు ఉంది.

వ్యాను లోపలినుంచి బ్రహ్మం అరిచాడు. "మోటారు చప్పుడు ఇనవడకుంటే నూలు ముట్టకుండ్రి!"

అంతయ్యను ఆ సాయంత్రమే కాల్చారు. చేతులు నీలంగానే కాలాయి.

*

రెండో సీసా నీళ్లతో, అంతయ్య చావు మీద మల్లమ్మ పెట్టిన కేసుతో షెడ్డుకు తాళం పడింది. గంగాధరరావు చెప్పినట్టే పడింది. అది దాచిపెట్టి చెప్పే కథ కాదు ఇది. చాలా ఇళ్లలో ఆ వారం అప్పు బియ్యం ఉడికాయి. కొందరు మల్లమ్మను తిట్టుకున్నారు. ఒకామె ఎదురుగానే తిట్టింది. జామీను దొరికేదాకా బ్రహ్మం, సైదమ్మ, కోటేశ్వరమ్మ, వ్యాను ఎక్కిన మిగతావాళ్లూ జైల్లోనే ఉన్నారు.

అయినా పనివాళ్లు రోజూ పొద్దున డ్యూటీ టైముకు వచ్చి గేటు ముందు కూర్చున్నారు. ఒకరోజు గంగాధరరావు కారు ఆపి అద్దం దించాడు.

"బుద్ధొచ్చిందా?" అన్నాడు. "కేసు వాపస్ తీస్కోండ్రి, తాళం తీపిస్త. లేకుంటే మిషన్లు ఇప్పుకొని రూల్స్ లేని జాగకు పోత. వేరే రాష్ట్రాలు రమ్మంటున్నయి."

మల్లమ్మ లేచి కారు దగ్గరికి వెళ్లింది.

"తాళం మాకు గూడ తియ్యాల్నని ఉంది సారూ. తీసి మోటారెయ్. నూలు మేము ముడ్తం," అంది. "పోతనంటవా, పో. ఆడ గూడ నాలా ఉంటది. నాలా పక్కన మనుషులుంటరు. ట్యాంకుల దిగనీకి ఆడ గూడ ఒక అంతయ్య గావాలె నీకు. ముందే పోయి ఆల్లకు చెప్తం."

కారు వెళ్లిపోయింది.

బతుకమ్మ గేటు పక్కనే ఉంది. సద్దుల నాడే నీళ్లలో వదలాలి. ఏ నీళ్లలో వదలాలో ఎవరికీ తెలియలేదు. నాలాలో వదలడానికి చేతులు రాలేదు. వదలకుండా ఉంచితే కీడంటారు. మల్లమ్మే అక్కడ ఉంచమంది. నాలా తేట అయిన రోజు వదులుదామంది. తంగేడు రాలిపోయింది. గునుగు వాడదు. ఎండుతుంది. ఎండినా రంగు పోలేదు.

తరవాతి పొద్దున పనివాళ్లు గేటు ముందు కూర్చున్నప్పుడు, రోడ్డు మలుపు దగ్గర ఇంకో గుంపు కనబడింది. పక్క షెడ్డు వాళ్లు. ఇన్నాళ్లూ ఆర్డర్ల కోసం వీళ్లతో పోటీపడ్డ వాళ్లు. ఇటు వాళ్లు లేచి నిలబడ్డారు. తిట్టడానికి వస్తున్నారో, కొట్టడానికి వస్తున్నారో తెలియలేదు.

వాళ్లు వచ్చి బతుకమ్మ ముందు ఆగారు. ముందున్న ముసలాయన మల్లమ్మను పోల్చుకున్నాడు.

"బిడ్డా," అన్నాడు. "మా కాడ గూడ మోటార్లు తిరుగుతలేవు. నిన్న ఒకన్ని ట్యాంకుల దిగమన్నరు. మేము దిగనియ్యలే. పని బందువెట్టి ఒచ్చినం."

మల్లమ్మ జరిగి చోటిచ్చింది. వాళ్లు కూర్చున్నారు. ఆ వారం వాళ్ల షెడ్డులో ఎర్ర రంగు నడుస్తోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.